ఎకరం ముప్పై గుంటల ఆట

మా వైపు ఏ ఆటకైనా ముందు భూమి లెక్క తేలాలి. కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే గుంటంబావు. వాలీబాల్‌కు గుంటన్నర, రెండు గుంజలు, ఒక నెట్టు. ఫుట్‌బాల్ మైదానం మాత్రం 105 మీటర్లు, 68 మీటర్లు. లెక్క కడితే ఎకరం ముప్పై గుంటలు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే నడిగూడెం చుట్టుపక్కల ఎకరం ముప్పై గుంటలంటే ఒక ఇంటికి ఏడాది తిండి. అన్నదమ్ములుంటే ఓ కోర్టు కేసు కూడా. అంత నేలను బంతికి రాసిచ్చే దాత ఎక్కడ దొరుకుతాడు?

నడిగూడెం పేరెత్తగానే కోట, జెండా గుర్తొస్తాయి. ఈ కోట జమీందారు రాజా నాయని వెంకట రంగారావు కాలంలో పింగళి వెంకయ్య ఇక్కడున్నాడు. పత్తి మీద పరిశోధనలు చేసి ‘పత్తి వెంకయ్య’ అనిపించుకున్నాడు. జాతీయ జెండా ఆలోచించినాయన చేత కూడా పంట పని చేయించిన నేల ఇది. ఆటల వంతు ఎప్పుడొస్తుందో మీరే చెప్పండి.

అందుకే తెలుగునాట ఫుట్‌బాల్ ఎక్కడ పెరిగిందో చూస్తే, వరి వేయాల్సిన అవసరం లేనివాళ్ల చేతిలో నేల ఉన్నచోటే పెరిగింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్, పోలీసు లైన్లు, బొగ్గు కంపెనీ క్వార్టర్లు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. కొత్తగూడెంలో ప్రకాశం స్టేడియం, బెల్లంపల్లిలో తిలక్ స్టేడియం ఉన్నాయంటే ఆశ్చర్యమేముంది? భూమి కింద బొగ్గు తవ్వుకునేవాళ్లకు భూమి పైన పిల్లలు ఆడుకుంటే పోయేదేమీ లేదు.

2022లో తెలంగాణలో ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. అరెకరం, మహా అయితే ఎకరం. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, లాంగ్‌జంప్ గొయ్యి, వ్యాయామానికి ఇనుప బార్లు. ఫుట్‌బాల్‌కు చోటు లేదు. ఎకరంలో ఎకరం ముప్పై గుంటలు పట్టవు కాబట్టి ఎవరి మీదా కోపం పెట్టుకోలేం.

పిల్లలు మాత్రం ఈ లెక్కలేవీ చూడరు. కోసిన మళ్లో ఆడదామంటే కొయ్యకాళ్లు అరికాళ్లలో గుచ్చుకుంటాయి. వడ్లు ఆరబోయని రోజు చూసుకుని బడి మైదానంలో దిగుతారు. అటు రెండు చెప్పుల జతలు, ఇటు రెండు చెప్పుల జతలు. గోల్ సిద్ధం. పక్కలకు చెప్పులున్నాయి గానీ పైన అడ్డకర్ర లేదు. గొడవంతా అక్కడే.

“పైనుంచి పోయిందిరా!”

“పోలేదు, గోలే! వాడు ఎగిరుంటే అందేది.”

దీనికి వాళ్లే ఒక చట్టం చేసుకున్నారు. గోల్‌కీపర్ చెయ్యెత్తితే ఎంత అందుతుందో అంతే ఎత్తు. దాంతో ఏమైందంటే, తెలివున్న జట్టు తమలో అందరికంటే పొట్టివాణ్ణి తెచ్చి గోల్‌లో నిలబెడుతుంది. వాడు ఎత్తిన చేతి మీదుగా పోయిన ప్రతి బంతీ అవుటే! ఫిఫా వాళ్లకు ఈ కిటుకు ఇంకా తట్టలేదు.

ఇరుకు నేల కాళ్లకు పని నేర్పుతుందని నాకో నమ్మకం. 1951, 1962 ఆసియా క్రీడల్లో మనకు బంగారు పతకాలు తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులే. బంతిని కాలి దగ్గరే పెట్టుకుని పరుగెత్తకుండా వెంటనే అందించే పోటీలు, వాటం లేని కాలితోనే తన్నే పోటీలు పెట్టి ఆటగాళ్లను తయారుచేశాడు. అలాంటి పోటీ పెట్టడానికి పెద్ద మైదానం అక్కర్లేదు, ఒక పీఈటీ సారు, ఒక ఈల ఉంటే చాలు.

కాబట్టి నా కోరిక చిన్నది. జట్టుకు ఐదుగురు ఆడే ఫుట్‌సాల్ కోర్టు 40 మీటర్లు, 20 మీటర్లు. ఎనిమిది గుంటలు! అరెకరం ప్రాంగణంలో కూడా సర్దుకుంటుంది. గోల్ వెడల్పు మూడు మీటర్లు, ఎత్తు రెండు. ఏ వెల్డింగు షాపాయనైనా పైపులతో ఒక్క రోజులో చేసిచ్చేస్తాడు. దాని వెనక గట్టి వల కట్టాలి. లేకపోతే బంతి పక్క మిరపతోటలో పడ్డ ప్రతిసారీ తోటాయన తిట్లు మనం వినాలి.

గ్యాలరీ మాత్రం వద్దు. 2021 మార్చిలో సూర్యాపేటలో జూనియర్ జాతీయ కబడ్డీ పోటీలకు కట్టిన గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. చూసేవాళ్లు గీత పక్కన నిలబడతారు, కుర్రాళ్లు గోడెక్కి కూర్చుంటారు. పెద్దమనుషులకు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేద్దాం. ముఖ్య అతిథికి శాలువా కూడా కప్పుదాం. ఆయన ప్రసంగం మాత్రం హాఫ్‌టైములోనే ముగియాలి. ఈల ఊదితే మైకు ఎక్కడున్నా ఆపెయ్యాల్సిందే.