కొండల్లేని చోట భూగోళం

సెప్టెంబరు 9, రెజైనా

నాలుగో తరగతి సోషల్ అంటే ఇక్కడ ఏడాది పొడుగునా సస్కాచెవాన్ రాష్ట్రమే. తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, మన ఊరి చుట్టూ ఏముందో గీయమన్నాను. చాలామంది అడ్డంగా ఒక గీత గీసి, పైన సూర్యుణ్ణి పెట్టి, అయిపోయింది మిస్ అన్నారు. కొండ లేదు, సముద్రం లేదు, ఇంకేం గీయాలని ఒకడి వాదన.

నా చిన్నప్పుడు ప్రెయిరీలంటే ‘జతపరచుము’లో ఒక మార్కు. ప్రెయిరీలు ఉత్తర అమెరికాకి, పంపాలు దక్షిణ అమెరికాకి, వెల్డులు దక్షిణాఫ్రికాకి. అంతకుమించి మా మాస్టారూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

సెప్టెంబరు 17

రాష్ట్రం పటం. దక్షిణపు హద్దు 49వ అక్షాంశం, ఉత్తరపు హద్దు 60వది. నదో కొండో తీరమో ఒక్కవైపైనా హద్దుగా లేని రాష్ట్రం కెనడాలో ఇదొక్కటే. రంగులు వేయమంటే అందరి చెయ్యీ పసుపు పెన్సిలు మీదికే పోయింది. ఉత్తరాన అడవీ, లెక్కలేనన్ని సరస్సులూ ఉన్నాయంటే నమ్మరే! ఉపగ్రహ చిత్రం చూపించాక అయిష్టంగా ఆకుపచ్చ తీశారు.

సెప్టెంబరు 26

గళ్ల పుస్తకం పాఠం. ఈ నేలనంతా చదరాలుగా కొలిచారు. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉంటే ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి చదరపు మైలు. అంకెలు ఆగ్నేయ మూలన ఒకటితో మొదలై పడమటికి ఆరు దాకా పోతాయి. అక్కణ్నుంచి సాలు చివర ఎద్దులు తిరిగినట్టు తిరిగి, ఏడు నుంచి తూర్పుకి వస్తాయి. పిల్లలకి ఈ తిరగడం భలే నచ్చింది, వేలితో దున్నుకుంటూ పోయారు. సెక్షన్‌లో నాలుగో వంతు 160 ఎకరాలు. 1872 చట్టం ప్రకారం 10 డాలర్లు కట్టి, వచ్చి కాపురముండి, సాగు చేస్తే అది సొంతం. 11, 29 నంబర్లకి ఎర్ర రంగు వేయించాను. అవి బడుల కోసం పక్కన పెట్టిన సెక్షన్లు.

“అంత పెద్ద బడులా మిస్?”

బడి అక్కడ కట్టలేదు, ఆ నేల అమ్మిన డబ్బు బడులకి పోయిందని చెప్పాను.

అప్పటిదాకా మాట్లాడని పిల్లాడొకడు లేచి, “మా కొకుమ్ వాళ్ల ఊరు ఏ గడిలో ఉంది?” అన్నాడు. కొకుమ్ అంటే ఇక్కడి ఆదివాసులైన క్రీ వాళ్లకి అమ్మమ్మ గానీ నానమ్మ గానీ. నేను పంచిన కాగితంలో ఆదివాసులకి విడిగా ఉంచిన నేలలు, రిజర్వులు, లేవు. గోడ మీది పెద్ద పటం దగ్గరికి తీసుకెళ్లి వెతికాం, దొరికింది. అక్కడే నాలుగో ఒప్పందం సంగతి ఎత్తుకున్నాను. క్రీ, సోటో నాయకులు క్వాపెల్ సరస్సుల దగ్గర 1874లో బ్రిటన్ రాణి ప్రతినిధులతో చేసుకున్న ఒప్పందం అది. మా బడి ఉన్నది ఆ ఒప్పందపు నేలలోనే. బోర్డు మీద రెండు సంవత్సరాలూ ఒకదాని కింద ఒకటి రాశాను. ముందు బెంచీ పిల్ల చూసి చూసి, “మాట్లాడుకోకముందే పంచుకోడానికి చట్టం చేసేశారా?” అంది. అవునన్నాను. బడిలో ఒప్పందాల పాఠం తప్పనిసరి కాబట్టి దానికి విడిగా పీరియడ్ ఉంది, కానీ ఈ ప్రశ్న గళ్ల పుస్తకం దగ్గర పుట్టాల్సిందే.

అక్టోబరు 1

నాన్న ఫోన్. 160 ఎకరాల సంగతి చెబితే, “గట్లు ఎట్టేశారమ్మా?” అన్నాడు. గట్లు లేవు నాన్నా, మూలల్లో ఇనప కడ్డీలు పాతారన్నాను.

“మరి గట్టు తగాదాలు?”

“పక్కోడు కనపడితేగా తగాదా పడటానికి!”

ఆయనకి నచ్చలేదు. తగాదా లేని ఊళ్లో పొద్దెట్లా పోతుందని దిగులు.

అక్టోబరు 10

మైసూర్ పప్పు పొట్లం క్లాసుకి పట్టుకెళ్లాను. కెనడాలో ఈ పంట దాదాపు అంతా ఈ రాష్ట్రంలోనే పండుతుంది. కొనేవాళ్లలో ఇండియా పెద్దది. “అంటే మీరు ఇక్కడికి రాకముందే తిన్నారా?” అని ఒకడు. తిన్నానేమో, సంచీ మీద చూడలేదు.

నవంబరు 4

మొన్న రాత్రి దేశంలో చాలా భాగం గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంది, ఇక్కడ మాత్రం తిప్పరు. ఆల్బర్టా సరిహద్దు మీద ఉన్న లాయిడ్‌మినిస్టర్ తిప్పుతుంది. ఎందుకో చెప్పబోతే గంట కొట్టేశారు.

నవంబరు 19

రెండు ట్రేలు. ఒకదాంట్లో తడి ఇసుక, ఇంకోదాంట్లో బంకమట్టి కలిపిన ఇసుక. రెంటిలోనూ మంచు ముక్కలు పూడ్చి, పైన చదును చేసి భోజనాలకి పోయాం. వచ్చేసరికి ముక్కలున్న చోటల్లా పైమట్టి కుంగి, గుంటలు పడ్డాయి. ఇసుక ట్రేలో నీళ్లు ఇంకిపోయాయి, బంకమట్టి ట్రేలో నిలిచాయి. హిమానీనదాలు వెనక్కి తగ్గినప్పుడు మట్టిలో చిక్కుకుపోయిన మంచు దిమ్మలు కరిగి, పొలాల మధ్య కుంటలు ఇలాగే పడ్డాయి. ఈ ఖండంలో బాతులు ఎక్కువగా పిల్లల్ని చేసేది వాటి దగ్గరే. ఒక పిల్ల ఇంటి దగ్గర్నుంచి ప్లాస్టిక్ బాతు తెచ్చి ట్రేలో వదిలింది, దాని బరువుకి కుంట కాస్తా పొంగింది.

జనవరి 15

మైనస్ 30. ఆటల పీరియడ్ లోపలే. పొటాష్ గనిలో పనిచేసే తండ్రి ఒకాయన గులాబీ రంగు రాయి పంపించాడు. 38 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉండేది, అది ఆవిరైపోగా మిగిలిన ఉప్పు ఇది. కిలోమీటరు లోతునుంచి తీస్తారు. సముద్రం లేదని సెప్టెంబరులో వాదించినవాడు ముందుగా చెయ్యి చాపాడు. నాకి చూడొచ్చా అంటే వద్దన్నాను, అప్పటికే ఇద్దరు నాకేశారు. చేదట.

సాయంత్రం వీడియోలో నాన్నకి చూపిస్తే, “ఇది మన ఎర్ర పొటాషే కదే” అన్నాడు. నరసరావుపేటలో సంచుల్లెక్కన కొంటాడు. ఇండియాకి సొంత పొటాష్ గనులు లేవు, బయటినుంచి తెచ్చుకోవాల్సిందే.

ఏప్రిల్ 23

మంచు కరిగి మైదానమంతా బురద. ఊరున్నది హిమయుగం నాటి సరస్సు అడుగున. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే మట్టి. నల్లరేగడిలో పెరిగినదాన్ని, నాకేం కొత్త! మీ ఇంటి బేస్‌మెంట్ గోడల్లో పగుళ్లు కొలిచి రండి అన్నాను. ఈ హోంవర్కు మీద తల్లిదండ్రుల నుంచి రెండు కోపపు ఈమెయిళ్లు.

పార్కులో వాస్కానా సరస్సు మనుషులు చేసిందేనంటే క్లాసులో గోల. 1930లలో పని లేనివాళ్లకి పని కల్పించడానికి పారలతో లోతు చేయించి, ఆ మట్టితో దీవులు పోశారు.

జూన్ 5

బస్సులో ఉత్తరానికి, క్వాపెల్ లోయకి. నిన్న నారింజపండు మీద పెన్నుతో నిలువు గీతలు గీసి చూపించాను. పైకి పోయేకొద్దీ గీతలు దగ్గరవుతాయి, కాబట్టి చదరాలు చదరాలుగా మిగలవు. సర్వేవాళ్లు సుమారు 24 మైళ్లకొకసారి కొలత మళ్లీ మొదలుపెట్టారు. అక్కడ తిన్నటి రోడ్డు ఉన్నట్టుండి పక్కకి తిరిగి, మళ్లీ ఉత్తరానికి పోతుంది. బస్సు తిరగగానే అందరూ ఒక్కసారి “గుండ్రం! గుండ్రం!” అని అరిచారు. డ్రైవరు హడలిపోయాడు. ఇన్నాళ్లూ ఆయన లెక్కలో అది తాగుబోతు సర్వేయర్ పనిట.

తర్వాత ఆ చదునంతా ఒక్కసారిగా తెగి, కింద లోయ. ఇంత లోయకి అంత సన్నటి నది! హిమానీనదాలు కరిగిన వరద తవ్వినది, ఇప్పటి నదికి అంత బలం లేదు. కిందకి దిగాక పిల్లల్నే అడిగాను, ఎదురుగా ఉత్తరపు గట్టు బోడిగా ఉంది, మనం దిగొచ్చిన దక్షిణపు గట్టు మీద చెట్లున్నాయి, ఎందుకని? గాలి అని ఒకరు, ఆవులు మేసేశాయని ఒకరు. అప్పుడు రాయి నాకినవాళ్లలో ఒకడు, “మా ఇంటి ముందు మంచు తొందరగా కరిగిపోతుంది, ఎదురింటి ముందు ఇంకా ఉంటుంది. మాది ఎండవైపు. అదిగో, ఆ గట్టు మా ఇల్లు. ఎండకి తడి ఆరిపోతుంది, చెట్టుకి తాగడానికుండదు” అన్నాడు. నేను నోరు విప్పేలోగా, మీ ఇల్లు దక్షిణం వైపు చూడదంటూ పక్క వీధి పిల్ల గొడవకి దిగింది. ఇద్దరూ గులకరాళ్లతో వాళ్ల వీధి పటం వేసి, సూర్యుడు ఎటున్నాడో తలెత్తి చూసి, మళ్లీ మొదటినుంచి వేస్తుంటే డ్రైవరు హారన్ కొట్టాడు. ఇంకో అయిదు నిమిషాలు ఆగమన్నాను.