మలుపులో డూప్ ఉండడు

‘మరోచరిత్ర’ (1978) చూసినవాళ్లకి భీమిలి తీరం కొత్త కాదు. విశాఖ నుంచి అక్కడికి మోటార్‌సైకిల్ మీద బయల్దేరితే కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. హాయిగా పాట పాడుకోవచ్చు!

అరకు దారి సంగతి వేరు. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. మిరియాల తీగలల్లుకున్న చెట్లకింద కాఫీతోటలు. అవి చూడాలంటే బండి ఆపి చూడండి. ఎదురొచ్చే బస్సు మలుపు తిరిగేదాకా కనపడదు మరి!

మలుపుకి ముందే వేగం తగ్గించి, గేరు మార్చి, చూపు మలుపు చివర నిలపాలి. చూపెటో బండీ అటే. ఒక పక్కకి ఒరిగి మళ్లీ లేచే ఆ క్షణంలో నాకు కలిగే ఆనందం తిన్నని రోడ్డుమీద ఎంత దూసుకుపోయినా రాదు.

దిగేటప్పుడు న్యూట్రల్‌లో జారకండి. చిన్న గేరులో ఇంజనే సగం బ్రేకు. సినిమా హీరోకి డూప్ ఉంటాడు. మనకెవరున్నారండీ, హెల్మెట్ తప్ప?