సూదిబెజ్జంలోంచి లెక్క

నెత్తుటిబొట్టును పలచన చేసి, గాజుపలక మీద గీసిన గళ్ళలో పరచి, సూక్ష్మదర్శిని కింద ఎర్రకణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం ఒకనాడు ఆసుపత్రులలో నిత్యకృత్యం. ఘన మిల్లీమీటరు నెత్తురులో సుమారు యాభై లక్షల ఎర్రకణాలుంటాయి. కన్ను లెక్కించగలిగేది కొన్ని వందలు, తక్కినదంతా హెచ్చవేత. పొద్దుటి లెక్కకూ, కళ్ళు అలసిన సాయంకాలపు లెక్కకూ పొత్తు కుదరకపోతే ఆశ్చర్యమేముంది? అయినా ఆ అంకెను నమ్ముకునే వైద్యుడు రోగానికి పేరు పెట్టవలసి వచ్చేది.

ఈ చాకిరీని తప్పించిన వాలెస్ కౌల్టర్ వైద్యుడు కాడు. 1913లో అమెరికాలోని ఆర్కాన్సాలో పుట్టి, ఎలక్ట్రానిక్స్ చదివి, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఎక్స్‌రే యంత్రాలను తూర్పు దేశాలలో అమ్ముతూ తిరిగాడు. ప్రయోగశాలల అవస్థను కళ్ళారా చూసింది ఆ తిరుగుళ్ళలోనే. 1941 చివర యుద్ధం సింగపూరు మీదికి వచ్చిపడగా, చిన్న సరుకుల ఓడ పట్టుకుని భారతదేశం చేరాడు. ఇక్కడ కొన్ని వారాలుండి, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల మీదుగా ఇల్లు చేరేసరికి 1942 క్రిస్మస్ వచ్చింది.

ఆ తరువాత చికాగోలో, సిగరెట్టు పెట్టె మీది సెల్లొఫేన్ కాగితానికి కాల్చిన సూదితో బెజ్జం పెట్టాడు. బెజ్జానికి ఇరువైపులా ఉప్పునీరు, అటొక ఎలక్ట్రోడు, ఇటొక ఎలక్ట్రోడు. నడుమ సన్నని విద్యుత్ప్రవాహం. ఉప్పునీరు విద్యుత్తును సాగనిస్తుంది, రక్తకణం అడ్డుతుంది. నీటితో పాటు కణం బెజ్జంలోంచి దూరేటప్పుడు తన పరిమాణమంత ఉప్పునీటిని పక్కకు నెడుతుంది కనుక, ఆ క్షణాన ప్రవాహం తగ్గుతుంది. ఎన్ని తగ్గుదలలో అన్ని కణాలు. తగ్గుదల ఎంత ఎక్కువైతే కణం అంత పెద్దది. బెజ్జానికి పేటెంటేమిటని న్యాయవాదులు తిప్పి పంపారట! 1953లో పేటెంటు వచ్చింది. రక్తకణాల లెక్కకు నేటికీ ఎన్నో యంత్రాలు ఆ సూత్రాన్నే వాడుతున్నాయి.

అయితే కణం చిన్నదయ్యేకొద్దీ బెజ్జమూ చిన్నది కావాలి. పెద్ద ద్వారంలో చీమ దూరితే ఎవరికి తెలుస్తుంది? 1970లో డిబ్లాయిస్, బీన్ అనే శాస్త్రజ్ఞులు ప్లాస్టిక్ పొరలో అతిసూక్ష్మమైన రంధ్రం సాధించి, 90 నానోమీటర్ల రేణువులను పసికట్టారు. వారు పనిచేసినదీ జనరల్ ఎలక్ట్రిక్‌లోనే కావడం విశేషం. నానో అన్న మాటకు మూలమైన గ్రీకు పదానికి మరుగుజ్జు అని అర్థం. మరుగుజ్జులకు తగిన వాకిలి కట్టడంలో చిక్కేమిటంటే, అది ఇట్టే పూడుకుపోతుంది.

ఈ మరుగుజ్జుల లెక్క ఇప్పుడు వేడుక విషయం కాదు. వెండి సూక్ష్మజీవులను చంపుతుందని దాని నానోరేణువులను మేజోళ్ళలోనూ, నీటి ఫిల్టర్లలోనూ వాడుతున్నారు. కొన్ని రకాల మేజోళ్ళలోని వెండి కొద్ది ఉతుకులకే దాదాపు అంతా నీటిలోకి పోతుందని 2008లో అరిజోనా పరిశోధకులు చూపించారు. క్రిములను చంపే గుణం మురికికాలువ దాటగానే పోదు. చేపలకూ వెండి విషమే. మామూలు పరీక్షలో నీటిని ఆమ్లంతో కలిపి వెండినంతా కరిగించి తూకం చెబుతారు. కరిగిపోయి ఉన్నదెంత, రేణువులుగా తిరుగుతున్నదెంత అన్న అసలు ప్రశ్న ఆ ఆమ్లంలోనే కరిగిపోతుంది.

2011లో ఆక్స్‌ఫర్డ్‌లో కాంప్టన్ బృందం వెండి రేణువులనే నేరుగా ఎలక్ట్రోడుకు తగలనిచ్చింది. తగిలిన రేణువు ఎలక్ట్రాన్లను వదిలి కరిగిపోతూ, ఒక చిన్న విద్యుత్ మెరుపును మిగులుస్తుంది. ఒక్కొక్క వెండి పరమాణువు ఒక్కొక్క ఎలక్ట్రాన్ ఇస్తుంది కనుక ఆ మెరుపును కొలిస్తే రేణువు పరిమాణం తేలుతుంది. 20 నానోమీటర్ల వెండి గోళంలో సుమారు రెండున్నర లక్షల పరమాణువులు. ఫారడే పందొమ్మిదో శతాబ్దంలో చెప్పిన నియమమే ఈ పద్దుకు ఆధారం.

నిలవనీటిలో రేణువు తనంతట తాను తారాడుతూ వచ్చి తగిలేదాకా కాచుకోవాలి. నీటిని పారించితే ఎక్కువ రేణువులు వస్తాయి, నిజమే. కాని కాలువ నడుమ వేగంగా పోయేవి ఎలక్ట్రోడు ముఖం చూడకుండానే దాటిపోతాయి. గోడ వారగా, మెల్లగా సాగేవే చేతికి చిక్కుతాయి. పైగా అసలైన నదీజలంలో కుళ్ళిన ఆకుల సారం రేణువు చుట్టూ పొరగా అంటుకుంటుంది. అలా ముసుగు కప్పుకున్న రేణువు ఎలక్ట్రోడును తగిలి కూడా, ఎలక్ట్రాన్లను పూర్తిగా వదలకుండానే, నీటి వెంట సాగిపోవచ్చు.