పావగడ కొండ మీది దొణ

పావగడ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది శనిమహాత్ముడి గుడి. శనివారం వచ్చిందంటే బెంగళూరు నుంచి, అనంతపురం నుంచి బస్సుల్లో జనం దిగుతారు. దర్శనం చేసుకొని, ఊరి వెనక గోడలా నిలబడిన కొండను ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ బస్సెక్కుతారు. ఆ కొండెక్కి వచ్చేవాళ్లు తక్కువ. ఈసారి మన కుటుంబాలకు ఆ కొండ సంగతి చెబుదామని కూర్చున్నాను.

ముందు ఊరి సంగతి నాలుగు మాటలు. మ్యాపు తీసి చూడండి. పావగడ తాలూకా కర్ణాటకలో తుమకూరు జిల్లాకు చెందినదే అయినా మూడు వైపులా ఆంధ్రప్రదేశే చుట్టుకొని ఉంటుంది. పడమట మాత్రం చిత్రదుర్గ జిల్లా తగులుతుంది. తుమకూరు నుంచి మధుగిరి మీదుగా సొంత తాలూకాకు రావాలన్నా మధ్యలో కాస్త ఆంధ్ర నేల తొక్కాల్సిందే. 1956లో భాషలవారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు కూడా ఈ తాలూకా మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మనం ఊరు వదిలి ప్రవాసాంధ్రులమయ్యాం, మావాళ్లు గడప దాటకుండానే అయ్యారు! ఊరి పేరు కూడా పాముకొండ అన్న తెలుగు మాట నుంచే వచ్చిందని పెద్దలు చెబుతారు.

2024 ఉగాదికి పిల్లలిద్దరినీ తీసుకొని మా మామ వాళ్లింటికి వెళ్లాను. అంతకుముందు ఏడు, 2023లో, వానలు ముఖం చాటేశాయి. దారి పొడుగునా చెరువులు బీటలు వారి ఉన్నాయి. చేలల్లో శెనక్కాయ మోళ్లు తప్ప పచ్చన లేదు.

నాకు కొండెక్కడం నేర్పింది మామే. నా పదేళ్లప్పుడు బండ మీద చెప్పులు విప్పించి, "పాదం మొత్తం ఆనించు, వేళ్లతో ఎక్కాకు" అని చెప్పిన మనిషి. ఇప్పుడాయన మోకాళ్లు వంగవు. వెనక నుంచి పిలిస్తే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. రాత్రి భోజనాల దగ్గర, "పొద్దున్నే కోటెక్కుతాం మామా" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎక్కండప్పా. పిల్లోళ్లకు చూపించాల్సిందే. నాకొక్క పని చేసి పెట్టు. పైన దొణలో నీళ్లుండాయో లేదో చూసొచ్చి చెప్పు" అన్నాడు.

బండలో వాన నీళ్లు నిలిచే గుంతను మా వైపు దొణ అంటారు.

తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాం. మనిషికి రెండు సీసాల నీళ్లు, అత్త కట్టిచ్చిన ఉగ్గాని, ఇన్ని ఉడికిన శెనక్కాయలు. ఊరి అంచు నుంచే రాతి మెట్లు మొదలవుతాయి. కొన్నిచోట్ల మెట్లు కట్టినవి, కొన్నిచోట్ల బండలోనే తొలిచినవి. కోట పాళెగాళ్ల కాలంలో కట్టినది, తర్వాత మైసూరు ఏలుబడిలోకి వచ్చింది. గోడలు చూస్తే ఆ మేస్త్రీల తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది. కొండలో ఉన్న బండనే సగం గోడగా వాడుకొని, సందు ఉన్నచోట మాత్రమే రాళ్లు పేర్చారు. ఎక్కడ బండ ఆగిందో, ఎక్కడ గోడ మొదలైందో దగ్గరికెళ్తే గానీ తెలియదు.

సగం ఎక్కేసరికి మా అబ్బాయి అలసిపోయి కూలబడ్డాడు. "ఇక్కడ బెలుంలో లాగా గుహలు లేవా నాన్నా?" అన్నాడు. రెండేళ్ల క్రితం వాళ్లను నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరున్న బెలుం గుహలకు తీసుకెళ్లాను. 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వాటి గురించి రాశాడు. దాదాపు నూరేళ్ల తర్వాత, 1982 నుంచి 1984 దాకా జర్మనీ నుంచి వచ్చిన బృందం లోపలికి దూరి 3,229 మీటర్ల పొడవు కొలిచింది. 2002లో సందర్శకులకు తలుపులు తెరిచారు. లోపల చల్లగా, చివరికి పాతాళగంగ కనబడి వాడికి బాగా నచ్చింది.

నేను వాడి పక్కన కూర్చొని ఇలా చెప్పాను. బెలుంది సున్నపురాయి. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త పుల్లబడుతుంది. ఆ పులుపుకు సున్నపురాయి కరుగుతుంది. నీళ్లు సందుల్లోకి దిగి, లక్షల ఏళ్లు తొలుచుకుంటూ పోతే గుహ. మన పావగడది గ్రానైటు. అది అలా కరిగే రాయి కాదు. షోలే సినిమా తీసిన రామనగరం గుట్టలు తెలుసుగా, ఆ ఊరి పాత పేరు క్లోజ్‌పేట. క్లోజ్‌పేట గ్రానైట్ అని శాస్త్రజ్ఞులు పిలిచే రాతి పట్టీ అక్కడి నుంచి తుమకూరు, పావగడ ప్రాంతాల మీదుగా ఉత్తరంగా బళ్లారి వైపు సాగుతుంది. దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోతుల్లో గట్టిపడిన రాయి ఇది. మీదున్న బరువు కొట్టుకుపోయాక కాస్త ఉబ్బి, ఉల్లిపాయ పొరల్లాగా పలకలు పలకలుగా లేస్తుంది. ఆ పలకలు జారి, మూలలు అరిగి, గుండ్రాళ్లవుతాయి. ఒకదాని మీద ఒకటి పడినచోట కింద మిగిలే సందే ఇక్కడి గుహ, మనవాళ్లు గవి అంటారు. "అందులో ఎలుగుబంటి ఉంటుందా?" అంది మా అమ్మాయి. ఉండొచ్చు. అందుకే పొద్దు వాలాక ఇక్కడ ఎవరూ తిరగరు, పగలైనా చీకటి సందుల్లో తల పెట్టరు.

పైకి వెళ్లేకొద్దీ గాలి పెరిగింది. ఎండ ఎక్కకముందే పైకోటలోకి చేరాం. కింద ఊరు అగ్గిపెట్టెలు పరిచినట్టుంది. చుట్టూ కనుచూపు మేర గుట్టలే. వాటిలో ఏది కర్ణాటకదో ఏది ఆంధ్రదో పిల్లలు అడిగారు గానీ నాకే తెలియలేదు.

దొణ దగ్గరికి మాత్రం నా కాళ్లే తీసుకెళ్లాయి. పల్లంగా ఉన్న బండ చుట్టూ తిరిగి వంగి చూశాను. ఉన్నాయి! మోకాటి లోతున, పచ్చగా పాకర పట్టి ఉన్నాయి నీళ్లు. అంచున తడి మట్టిలో కోతుల అడుగులు. కింద వందల అడుగుల బోర్లు ఎండిన కరువులో, చుక్క ఇంకని బండ తల మీద నీళ్లు. పిల్లలు నమ్మలేకపోయారు.

ఇందులో మాయేమీ లేదు. గ్రానైటు నీటిని తాగదు. కొండ మీద పడిన వాన బండ మీదుగా జారి పల్లంలో చేరుతుంది. నీరు నిలిచినచోట రాయి మెల్లగా మెత్తబడి గుంత ఇంకా లోతవుతుంది. కోట కట్టినవాళ్లు అది కనిపెట్టి, కిందివైపు గట్టు వేసి, వాలు అటు మళ్లించారు. ముట్టడి పడితే కోటలోని మనుషుల ప్రాణం ఆ దొణల్లోనే ఉండేది.

అక్కడే కూర్చొని ఉగ్గాని తింటూ పిల్లలకు ఇంకో సంగతి చెప్పాను. నా పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. చిన్నప్పుడు మా అమ్మాయి, "నువ్వు సరిగ్గా తోముకునేవాడివి కాదా నాన్నా?" అని అడిగేది. అది తోముకోనందుకు వచ్చింది కాదు, నీళ్ల వల్ల వచ్చింది. గ్రానైటు ఖనిజాల్లో ఫ్లోరైడు ఉంటుంది. వాన నీరు బండ మీద జారిపోతే దానికి ఏమీ అంటదు. భూమి లోపలి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి మాత్రం ఫ్లోరైడు దిగుతుంది. చెరువులు, దిగుడు బావులు తాగినన్నాళ్లూ ఇంత బాధ లేదు. అవి ఎండి, బోర్లు లోతుకు వెళ్లేకొద్దీ ఆ నీరే గతయింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది మించిన నీళ్లు చిన్నతనంలో తాగితే పళ్లకు చారలు పడతాయి. ఇంకా ఎక్కువగా, జీవితమంతా తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. ఆ బిగువు మళ్లీ సడలదు.

"అందుకేనా తాత మెడ తిరగదు?" అన్నాడు మా అబ్బాయి. అవునన్నాను. వాడు చాలాసేపు దొణలోకే చూస్తూ కూర్చున్నాడు. తల మీద మంచినీళ్లు నిలిపిన రాయే కాళ్ల కింద మా మామను వంచేసింది. కొండ చేసిన తప్పేమీ లేదు. పై నీటిని పట్టుకోవడం మానేసి లోతు నీటిని తోడుకున్నది మనమే.

దిగి వచ్చేసరికి మామ అరుగు మీద కొండ వైపు తిరిగి కూర్చొని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే పిల్లవాడు పరిగెత్తి, "ఉన్నాయి తాతా! ఇంత లోతు!" అని మోకాలు చూపించాడు. మామ ముఖం వెలిగింది. "అట్లయితే కోతులకు, గువ్వలకు ఈ ఎండాకాలం దాటుతుందిలే" అన్నాడు. నాకా మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మరునాడు మరికొన్ని చోట్లు తిరిగాం. పెన్న ఒడ్డున నాగలమడికలో సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది. కుక్కే ఆది, ఘాటి మధ్య, ఇది అంత్య సుబ్రహ్మణ్యమని భక్తుల లెక్క. నంది కొండల్లో పుట్టి హిందూపురం వైపు ఆంధ్రలోకి వెళ్లిన పెన్న మళ్లీ ఈ తాలూకాలోకి వచ్చి, తిరిగి ఆంధ్రలోకి పోయి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. మేం వెళ్లినప్పుడు ఇసుకే ఉంది, నీళ్లు లేవు. ఒకప్పుడు చోళ వంశపు శాఖ ఏలిన నిడుగల్లు కొండ కోటను కింది నుంచే చూసి వచ్చాం. తిరుమణి వైపు వెళ్తే దారికి రెండు పక్కలా సూర్యఫలకాలు. 2018లో మొదలైన ఈ సౌర విద్యుత్ పార్కు సుమారు 13,000 ఎకరాల్లో పరుచుకొని ఉంది, దాని సామర్థ్యం 2,050 మెగావాట్లు. రైతులు భూమి అమ్మలేదు, కౌలుకిచ్చారు. వానను నమ్ముకోలేని నేల ఎండనే పంటగా పండిస్తోంది!

తుంగభద్ర వెనుక జలాలను పావగడకు తెచ్చే తాగునీటి పథకం 2025లో ప్రారంభమైంది. ఎన్నో ఏళ్ల ఎదురుచూపు అది. మామ ఎముకలకు దాంతో పనిలేదు గానీ ఈ నేలలో పుట్టే పిల్లల పళ్లయినా తెల్లగా ఉంటాయన్న ఆశ కలిగింది.

మీరు వెళ్లాలనుకుంటే బెంగళూరు నుంచి సుమారు 160 కిలోమీటర్లు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదరకముందే దిగిరండి. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, వాన పడి తడిసిన బండ మీద అడుగు పెట్టవద్దు. నీళ్లు మీరే మోసుకెళ్లండి, దొణ నీళ్లు తాగవద్దు, అందులో చేతులూ కడగవద్దు. ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చుకోండి.

ఇప్పుడు మామకు ఫోను చేస్తే ముందు మా అబ్బాయే లాక్కుంటాడు. ఆ ఏడు వానలు పడ్డాక వాడు అడిగిన మొదటి మాట, "తాతా, దొణ నిండిందా?" పక్కింటి కుర్రవాడిని పైకి పంపి చూసి రమ్మన్నాడట మామ. "పొర్లుతా ఉందంటప్పా" అని ఆయన చెబుతుంటే ఇద్దరూ నవ్వుకోవడం నాకు ఇవతల వినబడింది.