కుట్టుపడవ

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలకలు రెండు, ఒక చుట్ట సన్నని రాగితీగ, నాలుగు కిలోల ఎపాక్సీ, గాజునార పట్టీ కొంత, ఒక సరుగుడు కర్ర, తెరచాపకు 36 చదరపుటడుగుల గుడ్డ. నా దగ్గరున్న ప్లాను ప్రకారం ఒక మనిషిని మోసే తెరచాప పడవకు కావలసినవి ఇంతే. మా ఇంటి వసారా పొడవు పన్నెండడుగులు. పడవను చుట్టూ తిరిగి చూసుకోవడానికి రెండువైపులా రెండేసి అడుగులు మిగులుతాయి. అంతకంటె పెద్ద పడవను గురించి ఆలోచించే అవకాశం నాకు లేదు.

ఇటువంటి పడవలు ఎనిమిదడుగుల దగ్గరే ఆగిపోవడానికి కారణం సముద్రశాస్త్రం కాదు, ప్లైవుడ్ మిల్లు. 1947లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో, క్లియర్‌వాటర్ అనే ఊళ్ళో, క్లార్క్ మిల్స్ అనే పడవల నిర్మాత పిల్లలు తమంతట తాము నడుపుకోగల ఒక చవకైన పడవను రూపొందించాడు. పలక ఎంత పొడవుంటే పడవ అంత. ముందు భాగం కోసుగా కాక పెట్టెలా మొండిగా ఉంటుంది. ఆ మొండిముక్కు పడవ పేరు ఆప్టిమిస్ట్. మన హుసేన్‌సాగర్‌లో పిల్లలు తెరచాప నేర్చుకునేది దాని మీదనే. ఆ తరువాత 1963లో బ్రిటన్‌లో డెయిలీ మిర్రర్ పత్రిక ఇంటివద్ద కట్టుకునే పడవ నొకదాన్ని సామాన్లతో సహా అమ్మకానికి పెట్టింది. జాక్ హోల్ట్ అనే నిపుణుడూ, బారీ బక్నెల్ అనే టెలివిజన్ వడ్రంగీ కలిసి చేసిన రూపం అది. ఎర్రటి తెరచాపలతో ఆ మిర్రర్ పడవలు డెబ్భయివేలకు పైగా తయారయ్యాయి. వంటిళ్ళలో, కారు షెడ్లలో, గుమస్తాలూ బడిపంతుళ్ళూ కట్టినవి. వాళ్ళకు వడ్రంగం రాదు గనుక బక్నెల్ వాళ్ళకు కుట్టుపని నేర్పాడు. ఆ సంగతికి తరువాత వస్తాను.

పడవ కడతానన్నప్పుడు అమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఎటువంటిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిననాటికి నాకు రెండేళ్ళు. పెద్దమామయ్య ఆ రాత్రి పోయాడు. పాయ దాటడానికి ఆయనకొక తాటిదోనె ఉండేది. అది మూడుమైళ్ళ అవతల ఒక చేలో, చిన్న పగులైనా లేకుండా దొరికింది. మామయ్య దొరకలేదు. ఆ తరువాత అమ్మ మా నెవరినీ కాలువ రేవు మెట్లు దిగనివ్వలేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగినప్పుడు టీవీ ముందు నుంచి లేచి వెళ్ళిపోయి, రెండురోజులు ఆ గదిలోకి రాలేదు. నేను యాభయ్యో యేట ఈత నేర్చుకున్న సంగతి ఆమెకు ఆర్నెల్ల తరువాత గాని చెప్పలేదు.

సరే, ప్లైవుడ్. నీటిని తట్టుకునే రకానికి మనదేశంలో ఐ.ఎస్. 710 అనే ప్రమాణముంది. ముద్ర వేసిన పలకలన్నీ ముద్రకు తగినవి కావన్నది ఇల్లు కట్టిన ప్రతివాడూ ఎరిగినదే. కొనేముందు కొట్టువాణ్ణి అడిగి జానెడు ముక్క తెచ్చి, నీళ్ళు కాచే కాగులో మూడురోజులు, పగలంతా ఉడికించాను. (ప్రమాణం ప్రకారమైతే 72 గంటలు ఉడకాలి.) పొర విడిపోలేదు. "ఆ కాగులో నేను మళ్ళీ నీళ్ళు కాచుకోవాలి" అన్నది అమ్మ. పడవ విషయంలో ఆమె పలికిన మొదటి మాట అదే.

ప్లాను అంటే ఒక కాగితం, దానినిండా అంకెలు. పలక అంచు నుంచి అడుగడుక్కీ ఎన్ని అంగుళాల దూరాన చుక్క పెట్టాలో ఆ అంకెలు చెబుతాయి. చుక్కచుక్కకూ ఒక మేకు దిగేసి, వాటిని ఆనుకునేలా సన్నని టేకు బద్దను వంచి, దాని వెంట పెన్సిలు నడిపితే వంపు గీత వస్తుంది. అంకెల్లో ఎక్కడైనా తేడా ఉంటే బద్దే చెబుతుంది, ఆ మేకు దగ్గర ఎడంగా నిలబడి. చేతితో గీసిన వంపును నమ్మరాదు, బద్ద వంపును నమ్మవచ్చు. పలకలు కోయించడానికి పిలిచిన వడ్రంగి, ప్లానును అటూ ఇటూ తిప్పి, "చట్రం లేదు, మేకులు లేవు, ఇది పడవెలా అవుతుంది మాష్టారూ?" అన్నాడు. కోసిన అయిదు ముక్కలనూ నేలమీద పరిచి చూస్తే నాకూ అదే అనిపించింది. విప్పేసిన చొక్కాలా ఉన్నాయి.

అడుగుపలక అంచు వెంబడి, పక్కపలకల అంచు వెంబడి ఆరేసి అంగుళాల దూరాన బెజ్జాలు వేసి, రాగితీగ దూర్చి, బయటివైపు మెలితిప్పుతూ పోవాలి. వంపు తిరిగిన అంచును మరో వంపు తిరిగిన అంచుకు కలిపినప్పుడు చదునైన పలక చదునుగా ఉండలేదు. ఎక్కడికో వంగక తప్పదు. ఆ సాయంత్రం నలభయ్యో తీగ బిగించేసరికి, నేలమీద పడివున్న ముక్కలు ఎవరో లేవనెత్తినట్టు లేచి, పొట్ట తెచ్చుకుని, పడవై కూర్చున్నాయి. దీనికి చట్రం అవసరం లేకపోవడానికి కారణం ఆ వంపే. చదునైన కాగితం నిలబడదు, గొట్టంగా చుట్టిన కాగితం నిలబడుతుంది గదా.

ఇది బక్నెల్ కనిపెట్టినదని పడమటివాళ్ళు మురిసిపోవచ్చు గాని, మన కోస్తాకు కుట్టుపడవ కొత్తది కాదు. మసూలా పడవలని తెల్లవాళ్ళు రాసుకున్నవి ఇవే. చెక్కలను కొబ్బరిపీచు తాడుతో కుట్టి, కుట్టుసందుల్లో పీచు కూరి చేసేవారు. వాటిలోనూ చట్రముండదు, మేకుండదు. మద్రాసుకు రేవు కట్టకముందు ఓడలు దూరాన లంగరు వేసుకుంటే, మనుషులనూ సరుకునూ ఒడ్డుకు చేర్చినవి ఆ పడవలే. అలలు విరిగేచోట గట్టిపడవ ఇసుకకు కొట్టుకుని పగిలిపోతుంది, కుట్టుపడవ వంగి సర్దుకుంటుంది. నా పడవకూ దానికీ తేడా ఒక్కటే: దాని కుట్టు చివరిదాకా కుట్టుగానే ఉంటుంది. నా రాగితీగలు తాత్కాలికం. లోపలి మూలలను ఎపాక్సీలో చెక్కపొడి కలిపిన ముద్దతో నింపి, పైన గాజునార పట్టీ అతికించి, అది గట్టిపడ్డాక తీగలు కత్తిరించి లాగేయడమే. మన ఎండల్లో ఎపాక్సీ త్వరగా బిగుస్తుంది. పెద్ద గిన్నెలో కలిపితే దాని వేడికి అదే పొగలు కక్కుతుంది. అందుచేత తెల్లవారుజామున, టీ కప్పుల్లో కొద్దికొద్దిగా కలుపుకునేవాణ్ణి. పూర్తయిన పడవ 32 కిలోలు తూగింది.

తెరచాపకు ధాన్యం మీద కప్పే నీలం బరకం తెచ్చాను. తెరచాప చదునుగా ఉంటే పనికిరాదు. దానికి పక్షిరెక్కకుండే పొట్ట వంటిది ఉండాలి. ఒక గుడ్డముక్కకు పొట్ట ఎలా వస్తుంది? కర్రకు కట్టే అంచును రెండంగుళాలు బయటికి వంపు తిప్పి కత్తిరించమని ప్లాను చెబుతున్నది. వంపుటంచును తిన్నని కర్రకు కడితే మిగులు గుడ్డ లోపలికి జరుగుతుందట. ఇది చదివి వసారాలో తలపట్టుకు కూర్చుంటే, అమ్మ కాగితం అందుకుని చూసింది. నలభయ్యేళ్ళు వీధివాళ్ళకు జాకెట్లు కుట్టిన మనిషి. "మూలలో డాట్సు కూడా వెయ్యాలిరా, లేకపోతే అక్కడ గుడ్డ లేచి నిలబడుతుంది" అన్నది. ప్లాను రెండో పేజీలో ఆ మాటే ఉన్నది. ఆమె రెండో పేజీ చూడలేదు.

మర్నాడు తొక్కుడు మిషనుకు పద్దెనిమిదో నంబరు సూది వేసి, బరకం జారకుండా బట్టల క్లిప్పులు పెట్టి, రెండు వరసల కుట్టు వేస్తూ నాలుగు మధ్యాహ్నాలు కూర్చుంది. ఆ నాలుగు రోజుల్లోనూ పడవ అన్న మాట ఆమె నోట రాలేదు. "గుడ్డ" అనేది. నాలుగోనాడు దారం తెంపుతూ, "నీళ్ళు నిండితే?" అని అడిగింది.

నీళ్ళు నిండితే మునగకూడదనే పడవకు ముందొకటి, వెనకొకటి గాలిపెట్టెలు కట్టాను. రెండూ కలిపి 90 లీటర్లు. చెబితే వినే లెక్క కాదు గనుక చూపించవలసి వచ్చింది. బంధువుల చేపలచెరువు ఒకటుంది, ఆకివీడు వైపు. అయిదడుగుల నీరు, చుట్టూ గట్టు, అడ్డం లేని గాలి. మాఘమాసంలో ఒక ఆదివారం పడవను ట్రాక్టరు మీద అక్కడికి చేర్చి, అమ్మను గట్టుమీద కుర్చీలో కూర్చోబెట్టాం. తెరచాప ఎత్తకముందు పడవను అంచులదాకా నీటితో నింపాను. అందులో నేను కూర్చున్నాను. నడుము లోతు నీటిలో, పడవ నా కింద తేలుతూనే ఉంది. అమ్మ కుర్చీలోంచి లేచి నీటి అంచుదాకా వచ్చి చాలాసేపు చూసింది. "మామయ్య దోనె కూడా తేలింది" అన్నది. దానికి జవాబు నా దగ్గర లేదు. లైఫ్ జాకెట్టు తొడుక్కుని ఆమె ముందుకు వెళ్ళి నిలబడ్డాను. పట్టీలన్నీ తానే లాగి చూసింది. ఒకటి ఇంకో అంగుళం బిగించింది.

నీళ్ళు తోడేసి తెరచాప ఎత్తగానే, గుడ్డ ఒకసారి టపటపలాడి పొట్ట తెచ్చుకుంది. మేత వేసే కుర్రాళ్ళు తమ పడవ ఆపి, "మోటారేదండీ?" అని అరిచారు. గాలివాలున పోవడం ఎవరికైనా చేతనవును, తాటాకు కూడా పోతుంది. గాలికి ఎదురుగా రావడంలోనే ఉంది విద్యంతా. సూటిగా రాలేము, ఏటవాలుగా ఒకసారి ఇటూ ఒకసారి అటూ రావాలి. పడవ నడిమి చీలికలోంచి నీళ్ళలోకి దించిన పలక పక్కకు జారనివ్వదు. అలా వంకరటింకరగా, ఏడు మలుపుల్లో, బయలుదేరిన గట్టుకే వచ్చి చేరాను. ఎక్కమని అమ్మను నేను అడగలేదు, ఆమె ఎక్కుతాననలేదు.

ఒడ్డున దిగేసరికి ఆమె చూపు నా మీద లేదు. తెరచాప వెనక అంచున, పైమూల నుంచి కిందికి, ఒక సన్నని ముడత పడుతున్నదట. గాలిలో ఉన్నంతసేపూ దాన్నే చూస్తున్నదట. "ఆ కుట్టు విప్పి మళ్ళీ వెయ్యాలి. ఇంటికి రాగానే దాన్ని మిషను దగ్గర పెట్టు" అన్నది. తడి ఆరకుండా మడత పెట్టవద్దని కూడా చెప్పింది.