అంబలికిఁ బాత స్టీలుపాత్ర



రాగియంబలికి క్రొత్తపాత్రయే కావలయునా, పాతసామానులలో దొరకిన స్టీలుతో జరుపుకొనవచ్చునా యను ప్రశ్న మొన్నటి వేసవికి ముందు మా వీథిలో బయలుదేఱెను. మా హిందూపురమున ఎండకాలమునందు చలివేంద్రములు పెట్టుట వాడుక. నీళ్లతోపాటు అంబలియుఁ బోయవలెనని మేము పదుగురు స్త్రీలము సంకల్పించుకొంటిమి. త్రాగువా రెవరు? బడినుండి వచ్చు పిల్లలు, మూటకూలీలు, చింతపండు మార్కెట్టునకు వచ్చు పల్లెవారు. కొళాయి యమర్చిన పెద్దపాత్రలు క్రొత్తవి కొనుటకు మాయొద్ద సొమ్ము చాలదు.

పులియఁబెట్టుట యనఁగానే కొందఱు మూతి ముడుచుకొందురు. సారా కాఁచుటకును అదియే తొలిమెట్టు గదా! ఇంట సారా కాఁచుట నేరము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు మొదలుపెట్టిన పోరాటము మూలముననే 1993లో ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపఁబడెను. మనది వేఱుదారి. రాగిపిండిని నీటఁ గలిపి రాత్రియంతయు నుంచినచో, పాలను పెరుగుచేయు జాతి సూక్ష్మజీవులే దానిని పులియఁజేయును. మఱునాఁడు దానిని కాఁచి, చల్లార్చి, మజ్జిగ కలుపుదుము. మా తండ్రిగారు అమరకోశము చెప్పునపుడు పులిసిన గంజికి ఆరనాళము, సౌవీరము, ధాన్యామ్లము అని పెక్కుపేర్లు వల్లె వేయించెడివారు. ఇన్ని పేర్లు పెట్టిన పూర్వులు దాని నెంత యిష్టముగాఁ ద్రాగిరో యని నాకు నవ్వు వచ్చెడిది.

పులుపునకును లోహములకును పగ. ఇత్తడిపాత్రలకు కళాయి పూయించుట యందులకే. అల్యూమినియమును గూడ పులుపు కొంచెముకొంచెముగాఁ గరగించును. పాత కుక్కరులు, పాలక్యానులు అనేకము అల్యూమినియమువే గనుక వానిని మొదటనే ప్రక్కకు నెట్టితిమి. స్టీలు సంగతి వేఱు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డునగరమున హ్యారీ బ్రియర్లీ యను నాతఁడు ఉక్కులో క్రోమియము కలిపి త్రుప్పుపట్టని రకమును తయారుచేసెను. ఆ క్రోమియము గాలితోఁ గలసి పైని కంటికిఁ గానరాని పొర కట్టును. గీఁత పడినను ఆ పొర తానే మరలఁ గట్టుకొనును. నూటికి 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు గలది వంటకు మేలురకము. నికెలు తగ్గించి మాంగనీసు చేర్చిన చౌకరకము ఉప్పునకును పులుపునకును అంతగా నోర్వదు.

మా యింటివారు పాఠశాలనుండి అయస్కాంతము తెచ్చి యిచ్చిరి. అది యంటుకొన్నచో నాసిరకమని మా వీథిలో నొక నమ్మకము. అది సగము సాక్ష్యమే! మేలురకముగూడ వంచి యొత్తినచోటఁ గొంచె మంటుకొనును. మాంగనీసు చేర్చిన చౌకరకము సాధారణముగా నంటుకొననే యంటుకొనదు. అడుగున 18/8 అనియో, 304 అనియో ముద్ర యున్నచోఁ గొంత ధైర్యము.

ధర్మవరమునుండి మా వదినగారు మూఁడు పెద్దగిన్నెలు పంపిరి. అది పట్టుమగ్గముల యూరు. పాతచీరలిచ్చి స్టీలుసామాను తీసికొనుట మన యిండ్లలో నెఱుఁగనిది కాదు, ఆ గిన్నె లట్లు వచ్చినవే. పెనుకొండలో మా పినతల్లిగారి పొరుగున మూతపడిన కాఫీహోటలునుండి పాల బాయిలరు దొరకెను. రెండూళ్లును మా రైలుదారిలోనివే గనుక బండికూలి మిగిలెను. బాయిలరు కొళాయి పైకి వెండివలె మెఱయుచుండెను. విప్పి చూడఁగా లోపల ఇత్తడి, దానిపైఁ బచ్చని చిలుము. దానిని తీసివేసి స్టీలుకొళాయి వేయించి, పాతపాల కంపుకొట్టు రబ్బరు వాషర్లను మార్పించితిమి. అతుకులవెంట వ్రేలు పోనిచ్చి, గఱుకున్నచోట నున్నగా రాపించితిమి. పాత్ర బుద్ధి యతుకులలోఁ దెలియును.

ఇంతలో హిందూపురము గుజిరీ యంగడిలో నూఱులీటర్ల స్టీలుపీపా యొకటి కనఁబడెను. అద్దమువలె నున్నది, ధర తక్కువ. మా వీథి పెద్దమ్మగారు అప్పుడే బయానా యిచ్చివేసిరి.

"దీనిలో ముందేముండెను?" అని యడిగితిని.

"ఏమోనమ్మా, కడిగే పెట్టినాము" అని యంగడివాఁడు.

రంగో, పురుగులమందో, ద్రావకమో యెవ రెఱుఁగుదురు? వలదంటిని. పెద్దమ్మగారికిఁ గోపము వచ్చెను. "సోడావేసి కాఁచినఁ బోని మైల యేమున్నదే? చదువుకొన్న దానికి అన్నియు ననుమానములే!" అనిరి. "పెద్దమ్మా, మొదటిగ్లాసు మీ మనుమఁడే త్రాగును" అంటిని. ఆమె మాటాడక లేచిపోయిరి. బయానా తిరిగి రాలేదు. పదిదినములు మా గుమ్మము త్రొక్కలేదు.

అయినను అంబలి యారంభించునాఁటికి ముందురాత్రి, పెద్దమ్మగారి మనుమఁడు మూఁతపెట్టిన చెంబొకటి తెచ్చి యిచ్చెను. అందులో ఆమె యింటి కుండలోని పులిసిన తేట! "స్టీలులో మొదటిసారి వట్టిపిండి తొందరగాఁ బులియదట, ఇది పోయమన్నది అవ్వ" అని చెప్పి పరుగెత్తెను. ఆమె చెప్పినది నిజము. మట్టికుండ రంధ్రములలో నిన్నటిపులుపు దాఁగియుండును. వేన్నీళ్లతోఁ దోమిన స్టీలులో నేమియు మిగులదు. నాఁటినుండి ప్రతిరాత్రి యొక గరిటెఁడు తేట మఱునాఁటికిఁ దీసియుంచితిమి. పొంగుచుండు పిండికి మూఁత బిగింపక పలుచని బట్ట కట్టితిమి. ఉప్పు పాత్రలో వేయక గ్లాసులోనే కలిపితిమి, ఏలన ఉప్పును పులుపును గూడినచో స్టీలుపై సన్ననిగుంటలు పడును. ఇనుపపీచుతోఁ దోమినచో ఆ యినుపనలుసు లంటుకొని త్రుప్పుమచ్చలు వచ్చును. చింతపండును కొబ్బరిపీచును చాలును.

వేసవి ముగియుచుండఁగా గుజిరీ యంగడి ముందునుండి పోవుచుంటిని. ఆ పీపా లేదు. ఎవరు కొనిరని యడిగితిని.

"పల్లెవాళ్లెవరో నీళ్లు పట్టుకొనేదానికి కొనిపోయినారమ్మా."

ఏ పల్లె యని యడిగితిని. వానికిఁ దెలియదు.