పద్యము లేనప్పుడు

పండుగకో తిరునాళ్లకో ఊరివారి కోరికపై ముఖమునకు రంగు పూసికొని, పగటి ఉద్యోగమునో వ్యవసాయమునో ఒక్క రాత్రికి మఱచి, కిరీటము ధరించి నిలుచు నావంటి ఔత్సాహిక నటుడు వృత్తినటుల ప్రదర్శనమునకు వెళ్లినప్పుడు, తక్కిన ప్రేక్షకులు చూచు నాటకమునే అతడును చూచునని చెప్పుటకు వీలులేదు. వారు కథను చూతురు; అతడు ఊపిరిని చూచును. రాగము తారస్థాయి కెక్కుచున్న కొలదియు అతని కంఠము తనకు తెలియకయే బిగియును. రంగస్థలముపై నున్నవాడు అడుగు ముందుకు వేయబోవు క్షణమున, కుర్చీలో నున్న ఇతని పాదము కదలును. ఈ చూపులో గొప్ప సుఖము కలదు. అంతకంటె గొప్పది అది నేర్పు విద్య. నే నెఱిగినంతలో ఆ విద్య పద్యము పాడుటను గూర్చినది కాదు. తనకు పద్యము లేనప్పుడు రంగముపై నుండుటను గూర్చినది.

తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములనుండి రూపొందిన కృష్ణరాయబారము నెఱుగని ఊరు తెలుగునాట అరుదు. కాంట్రాక్టు నాటకములు ప్రబలిన కాలమున, కాంట్రాక్టరు ఒక్కొక్క ఊరినుండి ఒక్కొక్క ప్రసిద్ధ నటుని పిలిపించి, ఒకే రాత్రి కృష్ణపాత్రను ఇద్దఱికో ముగ్గుఱికో సీనుల వారీగా పంచియిచ్చెడివాడు. కృష్ణుడును అర్జునుడును అద్దము ముందు రంగు పూసికొనునప్పుడే కలిసికొనెడివారు, రిహార్సలు లేదు, ఉన్నవెల్ల ఏండ్ల తరబడి నాలుకపై నిలిచిన పద్యములును, హార్మోనిస్టుపై నమ్మకమును మాత్రమే. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు మున్నగువారి కృష్ణులను విన్న పెద్దలు ఆ గాత్రములను నేటికిని తలచుకొందురు. గాత్రములను గూర్చి వారు చెప్పినదంతయు సత్యమే. కాని ఆ పరంపరకు చెందిన సమాజములవారి పడక సీనును చూచునప్పుడెల్ల నా కన్ను, పాడుచున్నవానిని విడిచి, వినుచున్నవానిపై నిలుచును. శ్రీకృష్ణుడు ఒక ప్రక్కను నారాయణ గోపాలకులను, మఱియొక ప్రక్కను ఆయుధము పట్టని తన్నును ఉంచి, కోరుకొనుటకు తొలి అవకాశము చిన్నవాడైన అర్జునునకు ఇచ్చినప్పుడు, ఆ క్షణమున పద్యము లేని దుర్యోధనుడేమి చేయును? నేను చూచిన ఒక వృత్తినటుడు ఏమియు చేయలేదు. గదపై నున్న చేయి గదపైననే ఉండెను. చూపు మాత్రము కృష్ణుని ముఖము నుండి అర్జునుని పెదవులకు మెల్లగా జరిగి, అచ్చటనే చిక్కుకొనెను. భారతయుద్ధపు ఫలితమంతయు ఆ పెదవులనుండి వెలువడబోవు ఒక్క మాటలో నున్నదని సభలోని పసివానికి సైతము తెలిసినది. మాబోటి సమాజములలో తోడి నటుడు పాడుచుండగా, మనస్సు సహజముగా తన తరువాతి పద్యపు ఎత్తుగడపైకి పోవును. వేయి ఆశలతో వేచిన రాత్రి గదా!

హరిశ్చంద్ర నాటకమున కాటిసీనును తీసికొనుడు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకములోని ఆ ఘట్టమునకు జాషువా శ్మశాన పద్యములు తోడై, శ్రోతలను కరగించు ఒక ప్రత్యేక ప్రదర్శనమువలె అది ప్రసిద్ధి కెక్కినది, డి.వి. సుబ్బారావు పేరు చెప్పగనే మొట్టమొదట స్ఫురించునదియు ఆ హరిశ్చంద్ర పాత్రయే. అచ్చట కష్టము ఆలాపన కాదు. ఆలాపన ముగిసిన పిదప వచ్చు కరతాళధ్వనులు. చప్పట్లును, ‘వన్స్‌మోర్’ కేకలును పందిరిని ముంచెత్తునప్పుడు, గాయకుడు సభవైపు చూడగోరును; హరిశ్చంద్రుడు చూడరాదు. చేయి తిరిగిన నటుడు దుడ్డుకఱ్ఱను భుజము నుండి దింపక, దృష్టిని చితి నుండి మరల్పక, ఆ ధ్వనిని తనపై నుండి వానవలె కురిసి వెళ్లనిచ్చును. అది వెలిసినప్పుడు అతడు శ్మశానములోనే ఉండును గనుక, తరువాతి వాక్యము శ్మశానము నుండియే వచ్చును.

రంగముపై ఉండియు కనబడకుండుట ఇంకను కఠినతరమైన విద్య. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు ప్రభృతులు కీచకవధతో ఆరంభించిన సురభి నాటక పరంపర ఆ విద్యకు నిలయము. పూర్వము తోలుబొమ్మలాట నాడించిన కుటుంబము వారిది. ఇతర సమాజములలో స్త్రీపాత్రలను పురుషులే ధరించుచున్న దినములలో ఆ ఇంటి స్త్రీలు రంగమెక్కిరి. వారి మాయాబజారులో నారదుడు మేఘములపై దిగును, బాణములు ఆకాశమున ఢీకొని మంటలు చిమ్మును, లడ్డూలు తమంత తామే ఘటోత్కచుని నోటికి ఎగసిపోవును. సభ ఆశ్చర్యముతో కేకలు వేయుచుండగా నా మనస్సు తెరవెనుకకు పోవును. ఏలయన ఆ బాణమునకు ఒక త్రాడు కలదు, ఆ త్రాటికి ఒక చేయి కలదు, ఆ చేయి తరువాతి సీనులో రంగముపైకి రావలసిన ఒక నటునిదో నటిదో కావచ్చును. తన కొక్క చప్పట్టయినను రాని ఆ పనిలో ఆ చేయి క్షణమాలస్యము చేయదు. ఆ చేతికి నేను మ్రొక్కుదును.

ఈ నిగ్రహము వృత్తినటునకు ఎచ్చటనుండి వచ్చినది? ఎడతెగని ప్రదర్శనముల నుండియే వచ్చినదని నా నమ్మకము. ఒకే పద్యమును లెక్కలేనన్ని రాత్రులు పాడినవానికి తన పద్యములో క్రొత్తదన మేమియు మిగులదు. నేటి రాత్రి క్రొత్తగా నుండునది ఎదుటివాని కంఠము, ఎదుటివాని చూపు మాత్రమే. అందుచేత అతని శ్రద్ధ తనను విడిచి తోడివానిపైకి పోవును. ఔత్సాహికునకు ప్రేమ యున్నది, అభ్యాసము కొఱత. అయినను ఆ కొఱత తీఱనిది కాదు. బళ్లారి రాఘవ వృత్తిచే న్యాయవాది. రాగముల దీర్ఘవిస్తారముకంటె భావమునకును అభినయమునకును పెద్దపీట వేసి తెలుగు నటనకు దారి చూపినవాడు. నాలుగు శ్రుతిలో నిలిచెడి కంఠమును దైవ మందఱికి నీయదు. ఎదుటివాని మాటను తొలిసారి విన్నట్లు వినుటకు దైవానుగ్రహ మక్కఱలేదు, మనస్సు చాలును.

కావున నాటక మాడు ప్రతి ఔత్సాహికుడును, తన ఊరి దరిదాపుల వృత్తిసమాజము డేరా వేసినప్పుడు, టిక్కెట్టు కొని వెళ్లవలెను. మిత్రులను వెంట తీసికొనిపోవలెను. మంగళము పాడువఱకును లేవరాదు. నాటకమును పోషించుట గొప్పదానమని నేననుట లేదు. నాటకమున పద్యము లేని పాత్రలలో ప్రేక్షకుని పాత్ర మిక్కిలి పెద్దది. అది సరిగా ధరింపబడనిచో ఎంతటి గాయకుడును ఖాళీకుర్చీలకు పాడవలసి వచ్చును. ఆ పాత్రను శ్రద్ధతో ధరింప నేర్చినవాడు, తన వంతు రాత్రి వచ్చినప్పుడు, తోడివాని పద్యమును వినుటకు సిద్ధమై రంగమెక్కును.